కూన కాదు, పెద్ద పిల్లి

మన హాస్టల్‌లో చదివి బయటికొచ్చిన వాళ్లలో చాలామందిమి పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు అద్దె గదుల్లో ఉంటున్నాం. షిఫ్టు డ్యూటీ దిగి గదికొస్తే పలకరించే ప్రాణి ఉండదు. పిల్లిని పెంచుకుందామనే ఆలోచన మాలో కొందరికి వచ్చింది అందుకే. అందరూ అడిగేది మాత్రం చిన్న కూననే. మేము చెప్పేది వేరు. ఒంటిగది వాళ్లకు ఏడాది దాటిన పెద్ద పిల్లే సరైనది.

పిల్లికి మనుషులు మచ్చికయ్యేది ముఖ్యంగా పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా. ఆ రోజుల్లో మనిషి చెయ్యి తగిలిందా లేదా అన్నది కూనను చూస్తే తెలియదు. ముద్దుగా ఉందని తెచ్చిన కూన పెద్దయ్యాక మంచం కిందే బతకొచ్చు. రెండు మూడేళ్ల పిల్లి స్వభావం ఎదురుగానే కనిపిస్తుంది. పైగా కూనకు రోజుకు నాలుగుసార్లు తిండి పెట్టాలి. పెద్దదానికి రెండుసార్లు చాలు. పగలంతా నిద్రే, తెల్లవారుజామున, సాయంత్రం ఆటలు.

అక్కినేని అమల, నాగార్జున 1992లో స్థాపించిన హైదరాబాద్ బ్లూ క్రాస్ లాంటి షెల్టర్లలో ఇలాంటి పిల్లులను దత్తత అడగవచ్చు. వెళ్లగానే ఎత్తుకోకండి. నేల మీద కూర్చుని వేలు చాపండి. తోక నిటారుగా లేపి వచ్చి, వేలికి చెంప రాసిందంటే స్నేహానికి సిద్ధమే. తాడు ముక్క లాగితే వెంటపడుతుందేమో చూడండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబిస్ టీకా అయ్యాయా అని తప్పక అడగాలి. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే చూలు కట్టగలదు, రెండు నెలల్లో ఈనుతుంది.

ఇంటి ఓనర్‌కు ముందే చెప్పాలి. గది అడిగితే కులం అడిగేవాళ్లు, మాంసం వండొద్దనేవాళ్లు ఉన్న చోట పిల్లి సంగతి దాచాలనే అనిపిస్తుంది. కానీ తర్వాత తెలిసి ఖాళీ చేయమంటే, అప్పటికే ఒక ఇల్లు పోగొట్టుకున్న పిల్లికి రెండో ఇల్లూ పోతుంది. ఓనర్ ఒప్పుకోకపోతే మరో గది దొరికేదాకా ఆగడమే మంచిది.

తెచ్చిన మొదటి రోజుల్లో అది మూలన దాక్కుంటుంది. లాగకూడదు. ఒక టబ్బులో ఇసుక, దానికి దూరంగా నీళ్లు, తిండి పెట్టి వదిలేయాలి.

తిండి దగ్గరే మనవాళ్లు ఎక్కువ పొరబడతారు. పెరుగన్నంతో పిల్లి బతకదు. దానికి టారిన్ అనే పోషకం కావాలి. అది మాంసం, చేపల్లోనే ఉంటుంది. అందకపోతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. చికెన్ ముక్కలను ఉప్పు, కారం, ఉల్లిపాయ లేకుండా ఉడికించి పెట్టొచ్చు. రోజూ అదొక్కటే చాలదు, పిల్లుల కోసం తయారుచేసిన మేత కూడా ఉండాలి. పాలు ఇష్టంగా తాగుతుంది గానీ పెద్ద పిల్లుల్లో చాలావాటికి అరగవు. జ్వరమొచ్చిందని మన పారాసిటమాల్ బిళ్ల సగం వేసినా ప్రాణం పోవచ్చు. గదిలో ఎలుకల మందు పెట్టొద్దు, ఆ మందు తిన్న ఎలుకను పిల్లి తింటే దానికీ విషమే. కరిచినా, రక్కినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి.

కంపెనీ మారితే గదీ మారుతుంది. కొత్త గదిలో రెండు మూడు వారాలు పిల్లిని బయటికి వదలకండి. వదిలితే పాత గదిని వెతుక్కుంటూ పోతుంది. మధ్యలో ముంబయి హైవే ఉంటుంది.