జానపద ప్రదర్శనల వీడియోలు – గ్రాఫిక్స్ కార్డు పాత్ర: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఉదాహరణలు

వ్యాససంగ్రహం: జానపద ప్రదర్శనను చిత్రీకరించడంతోనే దాని పరిరక్షణ పూర్తికాదు. చూసేవారి కంప్యూటర్‌లో ఆ వీడియో తడబడకుండా నడవాలి. ఇందులో గ్రాఫిక్స్ కార్డు నిర్వహించే పనిని, దానికి అనుగుణంగా వీడియోలను భద్రపరచవలసిన తీరును ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: ఒగ్గుకథ, తీజ్, వీడియో, కోడెక్, గ్రాఫిక్స్ కార్డు, డీకోడర్.

1. ఉపోద్ఘాతం:
ఒగ్గుకథను లిఖితపాఠంగా చదివితే కథ తెలుస్తుంది. కథకుని అడుగు, డోలు దెబ్బ, సహకళాకారుల కదలిక తెలియవు. జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన ప్రసిద్ధ ఒగ్గుకథకుడు చుక్క సత్తయ్య 2017లో మరణించారు. ఆయన ప్రదర్శనను ఇకపై చూడాలంటే వీడియోలే ఆధారం. అదే జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు. మహబూబాబాద్ తండాల్లోని తీజ్ నృత్యాలు, భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో 2025 మే నెలలో జరిగిన సరస్వతీ పుష్కరాల వంటి సందర్భాలు కూడా వీడియోల ద్వారానే భావి పరిశోధకులకు అందుతాయి.

2. వీడియో కుదింపు:
అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లున్న ఒక ఫ్రేములో మొత్తం 20,73,600 పిక్సెళ్లుంటాయి. సెకనుకు 25 ఫ్రేములైతే ఆ సంఖ్య 5,18,40,000 అవుతుంది. ఇంత సమాచారాన్ని యథాతథంగా దాచడం కష్టం. అందువల్ల కోడెక్ ఒక ఫ్రేమును పూర్తిగా భద్రపరచి, తరువాతి ఫ్రేముల్లో ప్రధానంగా మార్పులనే నమోదు చేస్తుంది. కథకుడు ఒకచోట నిలిచి కథ చెబుతున్నప్పుడు వెనుక తెర మారదు కనుక నమోదు చేయవలసింది తక్కువ. తీజ్ నృత్యంలో వలయంగా తిరిగే స్త్రీల దుస్తుల అద్దాలు క్షణక్షణం మెరుపు మారుస్తాయి. కాళేశ్వర సంగమంలో పారే నీరు ఏ రెండు ఫ్రేముల్లోనూ ఒకేలా ఉండదు. ఇటువంటి దృశ్యాల్లో సమాచారమూ, దానిని తిరిగి విడమరిచే శ్రమా పెరుగుతాయి.

3. డీకోడర్ పనితీరు:
సెకనుకు 25 ఫ్రేములంటే ఒక్కొక్క ఫ్రేమును సగటున 40 మిల్లీసెకన్లలో సిద్ధం చేయాలి. ప్రాసెసర్ అన్ని పనులూ చేయగలదు గాని, ఈ ఒక్క పనికే ప్రత్యేకంగా నిర్మించినది కాదు. గ్రాఫిక్స్ కార్డులోను, ప్రాసెసర్‌లో ఇమిడి ఉన్న గ్రాఫిక్స్ భాగంలోను వీడియోను విడమరచడానికే ప్రత్యేక వలయం ఉంటుంది. అదే డీకోడర్. ఇది తక్కువ విద్యుత్తుతో ఆ పని పూర్తిచేస్తుంది. విండోస్‌లో డీఎక్స్‌వీఏ, లినక్స్‌లో వీఏ-ఏపీఐ వంటి వ్యవస్థలు ప్లేయరుకూ డీకోడర్‌కూ వారధులు.

కార్డుకు ఆ కోడెక్ తెలియకపోతే భారం ప్రాసెసర్‌పై పడుతుంది. అది ఆలస్యమైతే ప్లేయరు సాధారణంగా శబ్దాన్ని ఆపకుండా, వెనుకబడిన ఫ్రేములను వదిలివేస్తుంది. అప్పుడు డోలు దెబ్బ వినిపిస్తుంది, దానికి పడిన అడుగు కనిపించదు. అడుగులను లెక్కించే పరిశోధకుడు యంత్రదోషాన్ని కళాకారుని లయభంగంగా భావించే ప్రమాదం ఇక్కడే ఉంది.

4. కోడెక్ ఎంపిక:
2003లో వెలువడిన ఎచ్.264ను నేడు వాడుకలో ఉన్న కంప్యూటర్లలో అత్యధికం గ్రాఫిక్స్ భాగంతోనే విడమరుస్తాయి. 2013 నాటి హెచ్‌ఈవీసీకి ఇంటెల్‌లో పూర్తి డీకోడర్ 2015లో వచ్చిన ఆరవ తరం ప్రాసెసర్లతో లభించింది. 2018 నాటి ఏవీ1కు ఇంటెల్ పదకొండవ తరం, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 30 శ్రేణి వంటివి 2020 నుంచి తోడ్పడుతున్నాయి. కొత్త కోడెక్ ఫైలు పరిమాణాన్ని తగ్గిస్తుంది, పాత కంప్యూటర్లపై భారాన్ని పెంచుతుంది.

ఎచ్.264 అన్న పేరు మాత్రమే చాలదు. రంగుల వివరాన్ని అధికంగా నిలిపే 10 బిట్ల 4:2:2 రూపంలో కెమెరా చిత్రీకరిస్తే, చాలా కార్డుల డీకోడర్లు దానిని స్వీకరించవు. కనుక కెమెరా మూలప్రతిని మార్చకుండా భద్రపరచి, వీక్షణ కోసం 8 బిట్ల 4:2:0 ఎచ్.264 ప్రతిని వేరుగా సిద్ధం చేయడం ఉచితం. వీడియో నడుస్తున్నప్పుడు విండోస్ టాస్క్ మేనేజర్‌లోని జీపీయూ విభాగంలో ‘వీడియో డీకోడ్’ రేఖ పైకి లేస్తే కార్డు ఆ పనిని స్వీకరించినట్లు గ్రహించవచ్చు.

5. ముగింపు:
తాళపత్రాన్ని చదవడానికి లిపిజ్ఞానం ఎంత అవసరమో, వీడియోను చూడడానికి దాని కోడెక్ తెలిసిన డీకోడర్ అంత అవసరం. మూలప్రతి భవిష్యత్తు కోసం, వీక్షణప్రతి నేటి పాఠకుని కోసం. ఈ రెండూ ఉన్నప్పుడే ఒగ్గుకథకుని అడుగు, డోలు దెబ్బ విడిపోకుండా తరువాతి తరానికి చేరుతాయి.