దేహమునకును వ్రాతపత్రము



బోధను ప్రాంతమున చెఱకు పండించిన మా పెదనాయన, ఏ కుమారునికి ఏ చేను చెందవలెనో కాగితముమీద వ్రాయించి పెట్టెను. తన దేహమును గూర్చి మాత్రము ఒక్క మాటయు వ్రాయింపలేదు. నిజామాబాదు ఆసుపత్రిలో ఆయనకు స్మృతి తప్పగా, శ్వాసయంత్రము పెట్టింపవలెనని పెద్దవాడును, ఇంటికి గొనిపోవుదమని చిన్నవాడును పట్టుపట్టిరి. ఆయన యిష్టమేమో ఎవ్వరమును అడిగియుండలేదు, అడుగుట అశుభమనుకొంటిమి. ఆ అన్నదమ్ములు నేటికిని మాటలాడుకొనరు.

ఇట్టి చిక్కునకు సుప్రీముకోర్టు 2018 మార్చి 9వ తేదీన ఒక మార్గము చూపినది. 2023 జనవరిలో దానిని సులభతరము గావించినది. 18 ఏండ్లు నిండి స్వస్థచిత్తుడైన యెవ్వడైనను, కోలుకొను ఆశ లేనప్పుడు మరణమును వాయిదావేయుటకే పనికివచ్చు చికిత్స తనకు వలదని ముందుగా వ్రాయవచ్చును. తన తరపున మాటలాడువారి పేరు అందుండవలెను. ఇద్దఱు సాక్షుల యెదుట సంతకముచేసి, నోటరీచేత గాని గెజిటెడు అధికారిచేత గాని ధ్రువపఱపించిన చాలును. ఒక ప్రతిని పంచాయతీలోనో పురపాలక సంఘములోనో అప్పగింపవలెను.

ఇది ప్రాణము తీయుమనుట కాదు. మనసు మాఱినచో ఎప్పుడైనను వ్రాతపూర్వకముగా రద్దుచేసికొనవచ్చును. చికిత్స నిలుపుటకు ముందు రెండు వైద్యమండలులు సమ్మతింపవలెను.

సాక్షులకంటె ముందు కన్నబిడ్డలను కూర్చుండబెట్టి చదివి వినిపించుట ముఖ్యమని నాకు తోచుచున్నది. నా పత్రమున కోడలి పేరు వ్రాయించితిని. కుమారులు కొంత చిన్నబుచ్చుకొనిరి గాని, ఆమెకు ధైర్యమెక్కువ.