షూటింగ్‌ రేపు.. పని ఇవాళే!

బీటెక్‌ మూడో ఏడాదిలో ఐదుగురం కలిసి ఓ షార్ట్‌ఫిల్మ్‌ మొదలుపెట్టాం. క్లైమాక్స్‌ ఊరి చివర చెరువు గట్టు మీద. ఆదివారం సాయంత్రం వెళ్లి చూస్తే లొకేషన్‌ అదిరింది. సోమవారం పొద్దున కెమెరాతో దిగాక తెలిసింది.. గట్టు అవతల కంకర మిషన్‌ ఉందని! ఆదివారం సెలవు కాబట్టి మాకు వినపడలేదంతే. పైగా ముందురోజు హీరో మొహం మీద పడిన ఎండ, పొద్దున వీపు వెనక నుంచి కొట్టింది. మొహం నల్లగా, డైలాగులు రొదలో. తీసిన 14 షాట్లలో ఒక్కటీ పనికిరాలేదు. పాకెట్‌మనీలోంచి పోగేసిన 6 వేల రూపాయలు హారతి కర్పూరం!

తప్పు కథలో లేదు, కెమెరాలో లేదు. ప్లానింగ్‌లో ఉంది. సెలవుల్లో షార్ట్‌ఫిల్మ్‌ తీద్దామనుకునేవాళ్లు మేం తిన్న దెబ్బలు తినకూడదంటే..

అదే రోజు, అదే వేళ

సోమవారం ఉదయం 7కి షూట్‌ అయితే, ముందు సోమవారం 7కే రెక్కీకి వెళ్లండి. రెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసి ఇయర్‌ఫోన్స్‌తో వినండి. గుడి మైకు, బోరు మోటారు, ట్రాఫిక్‌.. మన చెవి పట్టించుకోనివన్నీ మైక్‌ పట్టేస్తుంది. ఎండ ఏ వేళకు ఎటుంటుందో సన్‌ సర్వేయర్‌ లాంటి యాప్‌లు చూపిస్తాయి. సూర్యోదయం తర్వాత, సూర్యాస్తమయానికి ముందు గంటసేపు వెలుగు మెత్తగా ఉంటుంది. ముఖ్యమైన షాట్లు అప్పుడే తీయండి. మిట్టమధ్యాహ్నం కళ్ల కింద నీడలు పడతాయి కాబట్టి అప్పుడు భోజనాలు కానివ్వండి. టాయ్‌లెట్‌ ఎక్కడుందో కూడా చూసుకోండి. లేకపోతే టీమ్‌లోని అమ్మాయిలు మొహమాటంతో మంచినీళ్లు తాగడమే మానేస్తారు.

కాగితం చేతిలో ఉండాలి

కాలేజీ లెటర్‌హెడ్‌పై హెచ్‌ఓడీ సంతకంతో లేఖ తీసుకోండి. పొలమో ఇల్లో అయితే యజమానిని అడగాలి. వీధిలో అయితే ముందే స్థానిక పోలీస్‌స్టేషన్‌లో కనుక్కోవాలి. చార్మినార్‌, గోల్కొండ లాంటివి పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు. వాటికీ, రైల్వే స్టేషన్లకూ అనుమతి తప్పనిసరి. డ్రోన్‌ ఎగరేయాలంటే డిజిటల్‌ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూడండి. రెడ్‌ జోన్‌ అయితే కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

స్టోరేజీ లెక్క

ఐఫోన్‌లో హై ఎఫిషియెన్సీ ఫార్మాట్‌లో, సెకనుకు 30 ఫ్రేమ్‌లతో 4కే వీడియో తీస్తే నిమిషానికి సుమారు 170 ఎంబీ అవుతుంది. అంటే గంటకు 10 జీబీ! ఫోన్‌ను ముందురాత్రే ఖాళీ చేయండి. షూట్‌లో ఫ్లైట్‌ మోడ్‌లో పెట్టండి. ఎండకు వేడెక్కి ఆగిపోకుండా గొడుగు పట్టండి. మైక్‌కు గాలి రొద తగలకుండా కవర్‌ తొడగండి. రెండు చోట్ల కాపీ అయ్యాకే ఒరిజినల్‌ డిలీట్‌ చేయండి.

ఒక్క పేజీ కాల్‌షీట్‌

ఎవరు, ఎన్నింటికి, ఎక్కడికి రావాలి? ఏ షాట్‌ ముందు? దగ్గర్లో ఆసుపత్రి ఏది? వాన వస్తే ఏ సీన్‌? ఇవన్నీ రాసి ముందురోజు రాత్రి 8కల్లా వాట్సాప్‌ గ్రూపులో పెట్టండి. షాట్లను కథ వరసలో కాకుండా లొకేషన్‌ వరసలో పేర్చుకుంటే తిరుగుడు తగ్గుతుంది. పిడుగుల హెచ్చరికలకు దామిని యాప్‌ ఉంది. చెరువులో దిగే షాట్‌, రైలు పట్టాల మీద షాట్‌ కాల్‌షీట్‌లో ఉంటే కొట్టేయండి. ప్రాణం కన్నా షాట్‌ ఎక్కువ కాదు.

రెజ్యుమేలో ఇలా..

తర్వాతి నెల అదే క్లైమాక్స్‌ను ఇంకో గట్టు మీద ఒక్క పూటలో ముగించాం. తేడా ఆ ఒక్క పేజీయే. నా మొదటి ఉద్యోగ ఇంటర్వ్యూలో ‘ప్లాన్‌ తప్పితే ఏం చేశావ్‌?’ అని అడిగితే కంకర మిషన్‌ కథే చెప్పా. మీరూ ‘షార్ట్‌ఫిల్మ్‌ తీశాను’ అని రాసి వదిలేయకండి. ఎంతమంది టీమ్‌, ఎంత బడ్జెట్‌, ఏ సమస్య వచ్చింది, ఎలా దాటారు.. ఇవి రాయండి. సినిమా ఆడినా ఆడకపోయినా, ఆ కాల్‌షీట్‌ రాసిన అనుభవం ఏ ఉద్యోగంలోనైనా పనికొస్తుంది.