పికప్‌కు ఆరో పట్టీ

కొత్త పికప్ షోరూం నుంచి ముందు గుడికి పోతుంది. కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించాక చాలా బండ్లు పట్టే దారి కమాన్ల షాపుదే, అంటే బండి కింద బరువు మోసే ఉక్కు పట్టీల షాపుదే. జనగామైనా, మహబూబాబాదైనా, భూపాలపల్లైనా అక్కడ వినపడే మాట ఒకటే: "అన్నా, ఇంకో పట్టీ ఎయ్యి." రేడియం స్టిక్కర్లు, ఎల్ఈడీ లైట్లు, పెద్ద టైర్లు, డీజే బాక్సులు ఆ తర్వాత. ముందు పట్టీ. అది వేయించుకున్న బండిలో ఏం మారుతుందో, ఏం మారదో ప్రతి యజమానీ తెలుసుకోవాలని నా కోరిక.

బండిని మార్చుకోవడం కొత్త సరదా ఏమీ కాదు. పికప్ పుట్టుకే అలా జరిగింది. వందేళ్ల కిందట అమెరికా రైతులు ఫోర్డు మోడల్ టీ కారు వెనక భాగం కోసేసి, చెక్క పెట్టె బిగించి పంట మోసుకునేవాళ్లు. 1925 ఏప్రిల్‌లో ఫోర్డు కంపెనీ తానే ఇనుప తొట్టి బిగించి, 281 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. ఇంజను శక్తి 20 హార్స్‌పవర్. వాడేవాళ్లు ముందు మార్చుకున్నారు, కంపెనీ వెనకాల వచ్చింది.

మన దగ్గర చిన్న సరుకు బండ్ల కథ 1980లలో ఊపందుకుంది. జపాన్ సంస్థల సాయంతో డీసీఎం టయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, ఆల్విన్ నిస్సాన్ అని నాలుగు చిన్న లారీలు వచ్చాయి. నాలుగోది మన జహీరాబాద్‌లో తయారైంది. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు చేసిన హైదరాబాద్ ఆల్విన్ దాని మాతృసంస్థ. తర్వాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్లింది. డీసీఎం అంటే ఢిల్లీ క్లాత్ మిల్స్. ఆ బండి తయారీ ఎప్పుడో ఆగిపోయినా, ఆ సైజు వ్యాను ఏ కంపెనీదైనా తెలంగాణలో ఇప్పటికీ 'డీసీఎం'. 2005లో టాటా ఏస్ వచ్చి చోటా హాథీ అనిపించుకుంది, ఇరుకు గల్లీల్లోకీ దూరింది. దానికంటే పెద్ద మోతకు బొలెరో పికప్. అందులో రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజను, 1,700 కిలోలు మోసే రకం మన రోడ్ల మీద బాగా కనపడుతుంది.

బండి ఒకటే, మోత మాత్రం జిల్లాకో తీరు. జనగామ వైపు పత్తి. విడి పత్తి తొట్టి నిండినా తూకం రాదు, అందుకే చుట్టూ ఫ్రేము ఎత్తు పెంచుతారు. మహబూబాబాద్ వైపు మిర్చి. ఎనుమాముల మార్కెట్‌కు పోయే బస్తాలు క్యాబిన్‌ను దాటి పైకి లేస్తాయి. ఎత్తు పెరిగిన కొద్దీ బరువు కేంద్రమూ పైకి జరుగుతుంది, మలుపులో బండి ఒరుగుతుంది. భూపాలపల్లి వైపు బొగ్గు, ఇసుక. అక్కడ లెక్క తలకిందులు. తొమ్మిది అడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు తొట్టిలో ఇసుక జానెడు ఎత్తు పోస్తే చాలు, దాదాపు 1,700 కిలోలు అయిపోతుంది. చూసేవాళ్లకు తొట్టి ఖాళీగానే ఉంటుంది. కమాన్లకు మాత్రం నిండిపోయింది.

ఫారసీలో కమాన్ అంటే విల్లు. కరీంనగర్ నడిబొడ్డున నిలబడ్డ కమాన్‌కూ, బండి కింద వంగిన ఉక్కు పట్టీల కట్టకూ ఒకటే పేరు, ఒకటే వంపు. షాపులో మేస్త్రీ పాత పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తితో వంపు తిప్పి, నూనెలో ముంచుతాడు. కాల్చడం, చల్లార్చడం, మళ్లీ కొంచెం వేడిచేసి పదును సరిచేయడం మూడూ కుదిరితేనే ఉక్కులో సాగే గుణం నిలుస్తుంది. ఆ మూడో మెట్టు తప్పితే పట్టీ పెళుసై పుటుక్కున విరుగుతుంది.

ఐదు పట్టీల కట్టకు అదే పొడవు, అదే మందం ఉన్న ఆరోది చేరిస్తే బిగువు ఐదో వంతు పెరుగుతుంది. మందం లెక్క ఇంకా తీవ్రం. 8 మిల్లీమీటర్ల పట్టీ తీసి 10 మిల్లీమీటర్లది వేస్తే దాని బిగువు దాదాపు రెట్టింపు, ఎందుకంటే బిగువు మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. బండి కుంగడం తగ్గుతుంది, చూపుకు ఠీవిగా నిలబడుతుంది. కానీ యాక్సిల్, టైరు, బ్రేకు షోరూంలో ఉన్నవే. బరువు రెట్టింపైతే అదే వేగం దగ్గర బ్రేకులు మింగాల్సిన శక్తీ రెట్టింపవుతుంది.

ఇక్కడే చాలామంది చూడని చిన్న కడ్డీ ఒకటుంది. చాలా పికప్‌లలో వెనక యాక్సిల్ నుంచి ఛాసిస్ మీదున్న ఒక వాల్వుకు అది కలుస్తుంది. ఖాళీ బండికి వెనక చక్రాల మీద పెద్దగా బరువు ఉండదు. గట్టిగా బ్రేకు వేస్తే అవి బిగుసుకుని బండి పక్కకు తిరుగుతుంది. అందుకే ఖాళీగా ఉన్నప్పుడు వాల్వు వెనక బ్రేకులకు పోయే ఒత్తిడిని తగ్గిస్తుంది, బరువు పడితే పెంచుతుంది. బరువు పడిందని దానికి ఎలా తెలుస్తుంది? ఛాసిస్‌కూ యాక్సిల్‌కూ మధ్య సందు తగ్గడాన్ని బట్టి. మనం ఆరో పట్టీ వేసి ఆ సందు తగ్గాల్సినంత తగ్గకుండా చేస్తాం. నిండు బండిలో కూడా బరువు తక్కువే ఉందని వాల్వు అనుకుంటుంది. వెనక బ్రేకు అత్యవసరమైన వేళ దాని పట్టు తగ్గిపోతుంది.

మిరప ఏరే రోజుల్లో కూలీలు ఇవే బండ్లలో పొలాలకు పోతారు. మేడారం జాతరకు కుటుంబాలే కదులుతాయి. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం చట్టరీత్యా తప్పు. అయినా రోజూ కళ్ల ముందు జరుగుతోంది. ఆ ప్రాణాలన్నీ ఆ కడ్డీ మీద ఆధారపడి ఉన్నాయి.

పెద్ద టైర్లదీ ఇదే లెక్క. టైరు చుట్టుకొలత ఐదు శాతం పెరిగితే లాగే బలం దాదాపు అంతే తగ్గుతుంది, స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది. చట్టమూ గట్టిదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని అనుమతి లేకుండా మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడవచ్చు.

అందంగా ఉండాలనుకోవడం తప్పు కాదు. నాకూ అలంకరించిన బండి చూస్తే ముచ్చటే. మనం రేడియం అనే స్టిక్కరులో అసలు రేడియం ఉండదు. సన్నని గాజు పూసలో, చిన్న చిన్న పలకలో వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతాయి. హైదరాబాద్ నుంచి జనగామ మీదుగా పోయే 163వ జాతీయ రహదారి పక్కన రాత్రి ఆగిన బండిని దూరం నుంచి పట్టిచ్చేది అదే. సమ్మక్క సారలమ్మల పేర్లు దానితోనే రాయించండి, వెనక లైట్లను మాత్రం జాలీలతో మూయకండి.

పట్టీ వేయించే ముందు ఒక్కసారి బండి కిందికి వంగి ఆ కడ్డీని చూడండి. "అన్నా, పట్టీ ఏస్తే దీని సంగతేంది?" అని అడగండి. జవాబు రాకపోతే పట్టీ వద్దు. మోత పెరిగితే పెద్ద బండి కొనుక్కోవచ్చు.