శమామా: పురుషులకు తగిన సుగంధం

పురుషుల సుగంధంలో వాసన తెలియాలి, రంగు కనబడరాదు అన్నది తిర్మిజీ సంకలనంలోని ఒక హదీసు భావం. శమామా అత్తరును ఈ గీటురాయిపై పరిశీలించవచ్చు.

కనోజ్‌లో లవంగాలు, ఏలకులు, జాజికాయ, జటామాంసి మొదలైన వాటిని రాగి డేగిసాల్లో నీటితో కాచి, ఆ ఆవిరిని మంచిగంధం నూనెలోకి పట్టి దీనిని తయారుచేస్తారు. సంప్రదాయ పద్ధతిలో మద్యసారం కలపరు. మొదట మసాలాల వెచ్చదనం తెలుస్తుంది. అది తగ్గాక గంధపుచెక్క పరిమళం నిలుస్తుంది. మంచిగంధం ప్రియమైనందున నేడు పారాఫిన్ నూనెతో చేసినవీ అమ్ముతున్నారు. వాటిలో ఆ చెక్క పరిమళం ఉండదు.

శమామా ముదురు రంగుది, తెల్లని బట్టలపై మరక పడుతుంది. కనుక మణికట్టుపై ఒక చుక్క చాలు. పైగా ఇది చలికాలపు అత్తరు. తాడిపత్రి ఎండల్లో, కిక్కిరిసిన జుమా వరుసలో దీని ఘాటు పక్కవారికి ఇబ్బంది కావచ్చు. అప్పుడు వట్టివేళ్ళ అత్తరు మేలు. సువాసన సున్నత్, తోటి నమాజీని ఇబ్బంది పెట్టకుండటం కూడా ధర్మమే.