విషబాణపు కప్పను పెంచాలనుకునేవారు తెలుసుకోవలసిన సంగతులు

ఫోన్లలో రంగురంగుల కప్పల వీడియోలు చూసి, అలాంటివి కొనిపెట్టమని పిల్లలు పట్టుబడుతున్నారని బెంగళూరు, చెన్నై సభ్యులు కొందరు మమ్మల్ని అడిగారు. పాయిజన్ డార్ట్ ఫ్రాగ్ అనే ఈ కప్పలు మధ్య, దక్షిణ అమెరికా వానల అడవులకు చెందినవి. ధర, గాజుపెట్టె సంగతులు తర్వాత చూసుకోవచ్చు. ముందు వాటి స్వభావం తెలియాలి.

అందరూ అడిగే మొదటి ప్రశ్న విషం గురించే. కొలంబియాలోని ఎంబెరా జనం ఊదుగొట్టంతో వదిలే వేటబాణాల ములుకులకు ఈ కప్పల విషం పూసేవారు. పేరు అలా వచ్చింది. నిజానికి బాణాలకు పనికొచ్చినవి ఫిల్లోబేటిస్ వర్గంలోని రెండు మూడు జాతులే. కప్ప ఈ విషాన్ని తనంతట తయారుచేసుకోదు. అడవిలో తినే చీమలు, నల్లి జాతి చిన్న పురుగుల నుంచి అది చర్మంలో చేరుతుంది. పెంపకంలో పుట్టి, పండ్ల ఈగలు తిని పెరిగిన కప్పకు ఆ విషం ఉండదు. అడవిలో పట్టినదానికి మాత్రం ఏళ్ల తరబడి నిలుస్తుంది. కాబట్టి పెంపకంలో పుట్టినదేనని అమ్మేవారి దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

మన ఊళ్ల కప్పలు పగలు దాక్కుని, చీకటి పడ్డాక బయటికి వస్తాయి. ఇవి పగలే తిరుగుతాయి. వీటి రంగు చూసి అడవిలో శత్రువులు తప్పుకుంటాయి కనుక దాక్కోవలసిన అవసరం తక్కువ. పెట్టె దగ్గరికి వెళితే కొన్ని ముందుకే వస్తాయి. చాలామంది దీన్ని మచ్చిక అనుకుంటారు. అది ఆకలి. మూత తీస్తే తిండి పడుతుందని దానికి అలవాటైంది, అంతే. చేతిలోకి తీసుకుంటే బెదిరిపోతుంది. పైగా కప్ప చర్మం నీటిని పీల్చుకునే రకం. మన చేతి ఉప్పు, సబ్బు కూడా దానితోపాటు లోపలికి పోతాయి. నిమిరి ఆడుకోవాలనుకునే పిల్లలకు ఇది సరిపోదు.

అన్ని జాతులూ ఒక తీరున ఉండవు. కొత్తవారికి అనువైనది పసుపు, నలుపు పట్టీల లూకోమెలాస్. గుంపుగా కలిసి బతుకుతుంది. మగది ఈలలాంటి కూతతో పగలు గట్టిగానే అరుస్తుంది. హాలులో పెట్టేవారు అది గుర్తుంచుకోవాలి. ఆకుపచ్చ, నలుపు ఆరేటస్ గట్టి ప్రాణమే గాని బిడియం ఎక్కువ, ఆకుల చాటునే ఉంటుంది. నీలం, పసుపు, నలుపు కలిసిన టింక్టోరియస్ బాగా ధైర్యం గలది, ఎప్పుడూ కళ్లెదుటే తిరుగుతుంది. అసలు చిక్కు దీనితోనే. రెండు ఆడవి ఒకచోట ఉంటే పోట్లాడుకుంటాయి. కాట్లు, రక్తం ఉండవు. ఒకటి రెండోదాని మీదికెక్కి నేలకు అదిమిపడుతుంది. చూసేవారికి ఆటలా కనిపిస్తుంది. ఓడినది మూలకు చేరి, తిండి మాని, చిక్కిపోయి చచ్చిపోవచ్చు. చిన్నప్పుడు ఆడా మగా పోల్చుకోలేం కనుక, నాలుగైదు కూనలను ఒకే పెట్టెలో వేసినవారు పెద్దయ్యాక విడదీయవలసి వస్తుంది. రెండో పెట్టెకు చోటూ డబ్బూ ముందే చూసుకోండి. బొటనవేలి గోరంత ఉండే రానిటోమేయాలు చటుక్కున దూకి పోతాయి, మొదటిసారికి వద్దు.

వీటికి 22 నుంచి 26 డిగ్రీల వేడి, బాగా తేమ కావాలి. 30 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. బెంగళూరు కొంత నయం. చెన్నై, బరంపురం, యానాం వేసవిలో ఏసీ లేనిదే కుదరదు, కరెంటు పోతే ఏం చేయాలో కూడా ఆలోచించాలి. తిండికి ఎగరలేని పండ్ల ఈగలను ఇంట్లోనే సీసాల్లో పెంచుకోవాలి. బాగా చూసుకుంటే పదేళ్లకు పైగా బతుకుతాయి. పదో తరగతి పిల్లవాడికి కొనిస్తే, వాడు హాస్టలుకు వెళ్లాక ఈగల సీసాలు అమ్మానాన్నల పాలు!

ఇక కాగితాలు. పెంచేవారి దగ్గర కనిపించే ఈ జాతులన్నీ అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం జాబితాలో ఉన్నాయి. 2022లో సవరించిన మన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి జీవి దగ్గరుంటే కేంద్రం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. అది పిల్లలు పెట్టినా, చేతులు మారినా తెలియజేయాలి. కాగితాలు చూపలేని అమ్మకందారు ఎంత తక్కువ ధర చెప్పినా తీసుకోవద్దు. సందేహం ఉంటే అడ్వాన్సు ఇవ్వకముందే మీ జిల్లా అటవీ శాఖ కార్యాలయంలో అడగండి.