దీర్ఘకాలిక నొప్పి – ఓపియాయిడ్ ఔషధాలు: కుటుంబ వైద్యుని సందిగ్ధత

ఉపోద్ఘాతం:
మూడు నెలలకు మించి నిలిచే నొప్పిని వైద్యశాస్త్రం దీర్ఘకాలిక నొప్పిగా పరిగణిస్తుంది. జ్వరాన్ని థర్మామీటరు కొలుస్తుంది. నొప్పిని కొలిచే పరికరం లేదు. రోగి మాటే ఆధారం. నల్లమందు వలె పనిచేసే మార్ఫిన్, ట్రమడాల్ వంటి ఓపియాయిడ్ ఔషధాలను రాసే కుటుంబ వైద్యునికి ఎదురయ్యే తొలి సమస్య ఇదే.

మాట – నిర్ధారణ:
తెలుగువారు నొప్పినంతటినీ ఒకే పదంతో చెప్పరు. పుండు సలుపుతుంది, కాళ్ళు పీకుతాయి, అరికాళ్ళు మండుతాయి. ఈ భేదాలు చికిత్సకు దారి చూపుతాయి. మధుమేహ రోగి చెప్పే మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్లుండటం నాడులు దెబ్బతిన్నాయనడానికి సూచనలు. అటువంటి నొప్పికి ముందుగా వాడేవి ప్రీగాబాలిన్, డ్యులోక్సెటిన్ వంటి మందులే గాని ఓపియాయిడ్లు కావు. నడుమునొప్పి, మోకాళ్ళ అరుగుదలలతో బాధపడే 240 మందిపై అమెరికాలో 12 నెలలపాటు సాగి, 2018లో వెలువడిన అధ్యయనంలోనూ ఇతర మందులకంటే ఓపియాయిడ్లు మెరుగైన ఫలితమివ్వలేదు. ‘నొప్పి’ అన్న ఒక్క మాట దగ్గరే సంభాషణ ఆగిపోతే ఈ వివేచనకు తావుండదు.

చట్టం – భయం:
మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టపు కఠిన నిబంధనల వల్ల క్యాన్సర్ రోగులకు సైతం మార్ఫిన్ దుర్లభమైంది. 2014 నాటి సవరణ, గుర్తింపు పొందిన వైద్యసంస్థల ద్వారా దాని లభ్యతను సులభతరం చేయదలచింది. 2018లో ట్రమడాల్ కూడా ఈ చట్టం పరిధిలోకి వచ్చింది. దుర్వినియోగాన్ని అరికట్టవలసిందే, అయితే చట్టభయంతో కలం వెనుకాడితే నిజమైన బాధితుడు నష్టపోతాడు.

ఇవ్వడం – ఆపడం:
ఈ ఔషధాలను విరివిగా రాసి వ్యసన సంక్షోభంలో చిక్కుకున్న అమెరికాలో, 2016 నాటి మార్గదర్శకాలు రోజుకు 90 మిల్లీగ్రాముల మార్ఫిన్‌కు సమానమైన మోతాదును చేరకుండా జాగ్రత్తపడాలని సూచించాయి. ఆ సూచనను పలుచోట్ల దాటరాని గీతగా అన్వయించారు. ఏళ్ళ తరబడి వాడుతున్నవారికి మందును హఠాత్తుగా తగ్గించడంతో నొప్పి, మానసిక వేదన తీవ్రమయ్యాయి. 2022లో సవరించిన మార్గదర్శకాలు రోగి స్థితిని బట్టి నిర్ణయించాలని స్పష్టం చేశాయి.

ఉపసంహారం:
అడిగిన వెంటనే మందు రాయడమూ, అడిగినవాణ్ణి అనుమానించడమూ రెండూ వైద్యధర్మం కావు. నొప్పి ఎంత ఉందన్నదే గాక, ఎలా ఉంది, ఏ పనిని ఆపుతోంది అని విచారించాలి. మందు అవసరమైతే మలబద్ధకం, మగత, అలవాటుపడే ప్రమాదం గురించి ముందే తెలిపి, ఎప్పుడు, ఎలా తగ్గిస్తారో కూడా చెప్పాలి. ఇందుకు కావలసినది రోగి భాషలో, తీరికగా సాగే సంభాషణ. రద్దీగా ఉండే క్లినిక్‌లో కరవవుతున్నదీ అదే.